వీడియో ఆటలు, హింస: ఒక పాత అభియోగం

సెల్‌ఫోనులో తుపాకులు పేల్చే కుర్రవాడు రేపు బజారులోనూ అట్లాగే ప్రవర్తిస్తాడన్న భయం నగరాలు దాటి వడ్డేపల్లి వంటి చిన్న పట్టణాల దాకా వచ్చింది. 2019 మార్చిలో గుజరాతులోని రాజకోట పోలీసులు పబ్‌జీ ఆటను నిషేధించి, ఆడుతున్న యువకులను అరెస్టు కూడా చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదే ఆట వున్నది. ఐతే అప్పుడు చెప్పిన కారణం హింస కాదు, దేశభద్రత.

చూసినది చేతలలోకి దిగుతుందన్న అభియోగం మనకు కొత్తది కాదు. నీలిమందు దొరల దౌర్జన్యాన్ని చూపిన ‘నీల్ దర్పణ్’ 1872లో కలకత్తా రంగస్థలమెక్కింది. నాలుగేళ్లకే, 1876లో, బ్రిటిషు ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ 1947లో వెలువడింది. ప్రజానాట్యమండలి దాన్ని వూరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇక్కడ తేదీలు చూడవలసి వున్నది. కడవెండిలో దొడ్డి కొమురయ్య దేశముఖు గూండాల తుపాకికి బలి అయినది 1946 జులై 4న. అంటే తూటా ముందు, నాటకం తరువాత. దేశముఖు గూండాలకు ఏ నాటకం తుపాకి పట్టటం నేర్పింది?

ఐతే యిక్కడొక చిక్కు వున్నది, దాన్ని దాటవేయటం నిజాయితీ కాదు. కళ మనిషిని కదిలిస్తుందని ఇన్నేళ్లుగా వాదిస్తున్నవాళ్లం మనమే. నాటకం కదిలిస్తుంది గాని ఆట ఏమీ చేయదంటే ఎవరు నమ్ముతారు? కాబట్టి ప్రభావం వున్నదా లేదా అన్నది కాదు ప్రశ్న, ఎటువంటి ప్రభావమన్నది.

పరిశోధకుల తగవు కూడా చివరకు అక్కడికే వచ్చింది. ప్రయోగశాలలో ‘దూకుడు’ను కొలవటానికి వాళ్లు వాడిన పద్ధతులలో ఒకటి, ఎదుటివాడి చెవిలో ఎంత పెద్ద మోత పెడతాడో చూడటం! దాన్ని హత్యలకు ముడిపెట్టటం సాహసమే. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2020లో తన తీర్మానాన్ని సవరిస్తూ, అరవటం, నెట్టటం వంటి వాటితో స్వల్ప సంబంధం వున్నదనీ, నిజమైన హింసకు ఆటలే కారణమనటానికి సాక్ష్యం చాలదనీ చెప్పింది. అంతకు ముందు 2019లో 1,004 మంది బ్రిటిషు బాలబాలికలను పరిశీలించిన ఆక్స్‌ఫర్డు వారికి ఆ స్వల్ప సంబంధం కూడా కనబడలేదు.

ఇక నడిగడ్డ సంగతి. రాజోలిబండ ఆనకట్ట నుంచి యీ ప్రాంతానికి 15.9 టి.ఎం.సి. నీరు, 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద వున్నాయి. కాలువ చివరి పొలాలకు ఆ నీరు సక్రమంగా అందలేదు. నీటి కోసం ఆనకట్ట దగ్గర ఎగువ దిగువ రైతులు తలపడిన రోజులున్నాయి. ఆ తగాదాలకు ఏ ఆటా గురువు కాదు. విత్తనపత్తి చేలలో క్రాసింగు పనికి బడి మాన్పించి పిల్లలను దింపిన వ్యవహారం 2000 తరువాతి సంవత్సరాలలో దేశమంతా చర్చకు వచ్చింది. పురుగుమందు కొట్టిన చేలో తెల్లవారకముందే నిలబడిన పిల్లవాడి మీద జరిగినది హింస కాదనీ, ఫోనులో వాడు పేల్చిన బొమ్మ తుపాకే హింస అనీ అంటే, ఆ నిర్వచనం ఎవరికి అనుకూలమో విద్యార్థి మిత్రులు ఆలోచించాలి.

ఇంత చెప్పటం ఆటల వ్యాపారులకు వకాల్తా పుచ్చుకోవటానికి కాదు. 2002లో అమెరికా సైన్యం తన ఖజానా సొమ్ముతో ‘అమెరికాస్ ఆర్మీ’ అనే ఆటను తయారుచేసి వుచితంగా పంచిపెట్టింది. ఆడే పిల్లవాడు పక్కింటివాణ్ణి కొట్టాలని కాదు దాని వుద్దేశం, సైన్యంలో చేరాలని. ఆ మరుసటి సంవత్సరమే ఇరాకు మీద దండయాత్ర జరిగింది. హింసాత్మక క్రీడలను బాలలకు అమ్మరాదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. అంతవరకు వచ్చిన వ్యాజ్యం సైన్యం పంచిన ఆట జోలికి పోలేదు. అది 2022 దాకా నడిచింది.