గాలిమర రెక్క

వీచే గాలి శక్తిని ఇరుసు భ్రమణంగా మార్చే భాగం గాలిమర రెక్క. ఇరాన్‌లోని నష్తిఫాన్ మరల్లో నిలువు ఇరుసుకు బిగించిన చెక్క పలకలను గాలి నేరుగా నెట్టి తిప్పుతుంది. నెదర్లాండ్స్ మరల్లో అడ్డ ఇరుసుకు కర్రచట్రాలు, వాటిపై గుడ్డ ఉంటాయి. గాలి హెచ్చితే మర నడిపేవారు రెక్కలను ఆపి గుడ్డ చుట్టాలి. ఆధునిక రెక్క విమానపు రెక్క ఆకృతిని అనుసరిస్తుంది. డెన్మార్క్‌లో యోహానెస్ యూల్ రూపొందించిన 200 కిలోవాట్ల గెడ్సెర్ టర్బైన్ (1957) తర్వాతి మూడు రెక్కల యంత్రాలకు నమూనా అయింది. దాని చక్ర వ్యాసం 24 మీటర్లు. ఇప్పటి రెక్కలు గాజునార, రెసిన్‌లతో తయారవుతాయి. లోపల తేలికైన బాల్సా కర్ర, పొడవైనవాటిలో కార్బన్ నార వాడతారు. సముద్రపు టర్బైన్లలో కొన్నిటి రెక్కలు 100 మీటర్లు దాటాయి. గట్టిపడిన రెసిన్ మళ్లీ కరగదు కనుక పాత రెక్కల పునర్వినియోగం కష్టం.