శాన్ ఆంటోనియోలో ఒక స్పానిష్ గొంతు

అమెరికా దక్షిణాన ఉన్న టెక్సాస్ 1836 దాకా మెక్సికోలో భాగం. అక్కడి శాన్ ఆంటోనియోలో ఇంగ్లీషువాళ్ళు రాకముందు నుంచీ స్పానిష్ మాట్లాడే కుటుంబాలున్నాయి. ఊరు కదల్లేదు, సరిహద్దు గీత కదిలింది. హోసూరు, బళ్ళారి, బరంపురం పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. తర్వాతి కాలంలో మెక్సికో నుంచి వలస వచ్చినవారు వీరికి తోడయ్యారు. అలా వచ్చినవాడే రావుల్ కోర్టెజ్. 1905లో హలాపా పట్టణంలో పుట్టాడు. శాన్ ఆంటోనియోలో 'లా ప్రెన్సా' అనే స్పానిష్ దినపత్రికలో విలేకరిగా పనిచేశాడు.

మనకు రేడియో అంటే చాలాకాలం ప్రభుత్వానిదే. మద్రాసు కేంద్రం 1938లో తెలుగుకూ తమిళానికీ చోటిచ్చిందంటే అది సర్కారు నిర్ణయం. అమెరికాలో పద్ధతి వేరు. లైసెన్సు ఇచ్చేది కేంద్ర కమిషన్, స్టేషను నడిపేది ప్రైవేటు యజమాని, దాన్ని పోషించేది ప్రకటనలు. యజమానులంతా దాదాపు ఇంగ్లీషువాళ్ళే. ఎవరూ వినని తెల్లవారుజాము గంటల్ని వాళ్ళు స్పానిష్ దళారులకు అద్దెకిచ్చేవారు. దళారి ఆ గంటలో పాటలు వేసి, కిరాణా కొట్ల దగ్గరా బేకరీల దగ్గరా ప్రకటనలు సేకరించి, అద్దె పోగా మిగిలింది తను తీసుకునేవాడు. కోర్టెజ్ కూడా కేమాక్ అనే స్టేషనులో ఇలాగే సమయం కొని వినోద కార్యక్రమాలు నడిపాడు.

అద్దె ఇంట్లో గట్టిగా మాట్లాడటం కష్టం. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పెద్రో గొంజాలెజ్ తెల్లవారుజామున నాలుగింటికి పాటలు వినిపిస్తూ, ఆర్థిక మాంద్యం రోజుల్లో మెక్సికన్లను దేశం నుంచి తరిమేయడాన్ని ఎండగట్టాడు. 1934లో అత్యాచారం కేసులో అరెస్టయ్యాడు. ఫిర్యాదు చేసిన అమ్మాయి తర్వాత మాట వెనక్కు తీసుకున్నా ఆరేళ్ళు జైల్లో ఉండి, 1940లో మెక్సికోకు పంపబడ్డాడు.

కోర్టెజ్ దారి వేరు. 1944లో, యుద్ధం నడుస్తుండగా, సొంత స్టేషనుకు దరఖాస్తు పెట్టాడు. అప్పట్లో కొత్త లైసెన్సులకు ఆంక్షలున్నాయి. మెక్సికన్ అమెరికన్లను యుద్ధప్రయత్నానికి కూడగట్టడం తన ఉద్దేశాల్లో ఒకటని అందులో రాశాడు. దీన్ని లౌక్యమనవచ్చు, నాకు మాత్రం అందులో తప్పేమీ కనిపించదు. 1946లో 1350 కిలోహెర్ట్జ్ మీద కేకార్ మొదలైంది. రోజంతా స్పానిష్‌లోనే ప్రసారం చేస్తూ, ఆ సమాజం మనిషే యజమానిగా ఉన్న స్టేషను అమెరికాలో అదే మొదటిది. 'కార్' అనేది ఆయన ఇంటిపేరులోని మొదటి మూడక్షరాలే.

ఇక్కడ ఒక వైరుధ్యముంది. లూలాక్ అనే మెక్సికన్ అమెరికన్ పౌరుల సంఘానికి 1948 ప్రాంతంలో కోర్టెజ్ జాతీయ అధ్యక్షుడయ్యాడు. 1929లో పుట్టిన ఆ సంఘం తన అధికార భాషగా రాసుకున్నది స్పానిష్ కాదు, ఇంగ్లీషు. ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం లేదు, ఓటుకు విలువ లేదు అన్నది వాళ్ళ లెక్క. స్పానిష్ పేరున్న పిల్లల్ని వేరే బడుల్లో కూర్చోబెట్టడం చెల్లదని 1948లో బాస్ట్రాప్ కేసులో వచ్చిన తీర్పు వెనకా ఆ సంఘం ఉంది. పగలు పిల్లలకు ఇంగ్లీషు బడి తలుపు తెరిపించడం, ఇంట్లో పెద్దలకు స్పానిష్ వినిపించడం - ఈ రెండూ ఒకే మనిషి పనులు. ఇంటి భాష వదిలితేనే హక్కులొస్తాయని మన దగ్గరా అనేవాళ్ళున్నారు. ఆయన మాత్రం దేన్నీ వదల్లేదు.

ఆయన భాషోద్యమకారుడు కాదు, వ్యాపారి. అదే ఆయన బలం. స్పానిష్ వినేవాళ్ళు సబ్బు కొంటారు, బూట్లు కొంటారు అని కొట్టువాళ్ళను నమ్మించగలిగినంతకాలం ప్రసారం ఎవరి దయమీదా ఆధారపడలేదు.

టెలివిజన్ దగ్గర ఆ లెక్క తప్పింది. 1955లో ఆయన 41వ ఛానల్ మీద కేకార్ టీవీ పెట్టాడు. అది యూహెచ్ఎఫ్ ఛానల్. అప్పటి టీవీ సెట్లు చాలావరకు వాటిని అందుకోలేవు. విడిగా ఒక పెట్టె కొని తగిలించుకోవాలి. పేదవాడలో ఎందరు కొంటారు? పెద్ద కంపెనీలు ఆ ప్రేక్షకులను లెక్కలోకి తీసుకోలేదు. అన్ని సెట్లూ అన్ని ఛానళ్ళనూ అందుకోవాలన్న చట్టం 1962లో గానీ రాలేదు. దానికి ఏడాది ముందే కోర్టెజ్ టీవీని అమ్మేశాడు. కొన్నవారిలో మెక్సికో ప్రసారాల అధిపతి ఎమీలియో అస్కార్రాగా, కోర్టెజ్ అల్లుడు ఎమీలియో నికొలాస్ ఉన్నారు. ఆ స్టేషను చుట్టూ అల్లుకున్న గొలుసే 1987లో యూనివిజన్ అయింది. కోర్టెజ్ అది చూడలేదు. 1971లోనే పోయాడు.