చిత్రంలో దాగిన చిత్రం

ఒక బొమ్మను చూస్తుండగా అందులోంచి రెండో బొమ్మ బయటపడేలా గీసే పద్ధతిని దాగిన చిత్రం అంటారు. నిజానికి ఇందులో దేన్నీ కప్పిపెట్టరు, అంతా కళ్లెదుటే ఉంటుంది. చూసేవాళ్ల కన్ను దేన్ని వస్తువుగా, దేన్ని ఖాళీగా తీసుకుంటుందో చిత్రకారుడు ముందే ఊహించి, ఆ ఖాళీలో రెండో బొమ్మను పెడతాడు. అందుకే ఈ ప్రక్రియ చరిత్రలో సగం చిత్రకళది, సగం మనస్తత్వశాస్త్రానిది.

భారతీయ శిల్పులకు ఈ ఆట బాగా తెలుసు. అజంతా మొదటి గుహలో ఒక స్తంభం పైభాగాన నాలుగు జింకలు ఒకే తలను పంచుకుంటాయి. 12వ శతాబ్దంలో రెండో రాజరాజ చోళుడు కట్టించిన దారాసురం ఐరావతేశ్వరాలయంలో ఏనుగుకూ ఎద్దుకూ కలిపి ఒకటే తల. ఒక మొండేన్ని అరచేత్తో మూస్తే ఎద్దు, రెండోదాన్ని మూస్తే ఏనుగు కనిపిస్తాయి. లేపాక్షిలో ఒకే ఆవుకు మూడు తలలు చెక్కారు. ఒడిశా పటచిత్రాల్లోనూ రాజస్థానీ సూక్ష్మచిత్రాల్లోనూ స్త్రీలు ఒకరినొకరు పెనవేసుకుని ఏనుగు ఆకారం దాల్చే నారీకుంజరం ఉంది. వీటిని దాచిన బొమ్మలనడం కన్నా పంచుకున్న బొమ్మలనడం సబబు. చంపకమాలలో కందపద్యాన్ని ఇమిడ్చిన మన గర్భకవులు దాచడంలో వీరికన్నా ఒక మెట్టు పైన ఉన్నారు కానీ, వారిది అక్షరాల పని.

ఐరోపాలో ఈ విద్యకు పేరు తెచ్చిన చిత్రం హాన్స్ హోల్బైన్ 1533లో గీసిన ‘ది అంబాసిడర్స్’. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఖరీదైన దుస్తుల్లో ఇద్దరు ఫ్రెంచివారు, వారి మధ్య గ్లోబులు, వాయిద్యాలు, పుస్తకాలు. కాళ్ల దగ్గర మాత్రం ఏటవాలుగా సాగిపోయిన తెల్లటి మరక లాంటిదేదో ఉంటుంది. కుడిపక్కకు వెళ్లి గోడకు దగ్గరగా నిలబడి ఓరగా చూస్తే అది మనిషి పుర్రె. ఎదురుగా నిలబడి వైభవం చూసేవాడికి మృత్యువు కనబడదు, పక్కకు తప్పుకున్నవాడికి వైభవం చెదిరిపోతుంది. రెంటినీ ఒకేచోట నిలబడి చూడడం కుదరదు. అదే శతాబ్దంలో ఆర్చింబోల్డో పళ్లతో, కూరగాయలతో ముఖాలు పేర్చాడు. తలకిందులు చేస్తే తోటమాలి ముఖమయ్యే అతని కూరల గిన్నె ఇటలీలోని క్రెమోనా మ్యూజియంలో ఉంది.

అయితే దాచడం సరదా నుంచి అవసరంగా మారింది ఫ్రెంచి విప్లవ కాలంలో. 1793లో రాజు పదహారో లూయీని, రాణి మరీ ఆంత్వానెత్‌ను గిలటిన్ కింద చంపారు. వారికోసం బాహాటంగా దుఃఖించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ రోజుల్లో ఒక రకం ముద్రణ చిత్రాలు చేతులు మారాయి. వాటిలో ఉన్నది ఒక అస్థికల కలశం, దానిపైకి వంగిన విల్లో చెట్టు, అంతే. కలశానికి అటూ ఇటూ ఉన్న ఖాళీని చూస్తే మాత్రం అది రాజూ రాణీల పక్కముఖాలు. కొమ్మల సందుల్లో వారి పిల్లల ముఖాలు. 1815లో నెపోలియన్ అభిమానులు కూడా ఇదే దారి పట్టారు. ఎల్బా ద్వీపం నుంచి అతను తిరిగొచ్చిన సందర్భంగా కానూ అనే చెక్కడపు చిత్రకారుడు ఒక వయొలెట్ పూలగుత్తిని గీసి, ఆకుల అంచుల్లో నెపోలియన్, అతని భార్య, కొడుకుల ముఖాలు ఇమిడ్చాడు.

సుమారు నూట ఇరవై ఏళ్లకు ఆ కలశం లాంటిదే ఇంకొకటి ప్రయోగశాలలో కనిపించింది. డెన్మార్క్ మనస్తత్వవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో వెలువరించిన పరిశోధన గ్రంథంలో ఒక కూజా బొమ్మ ఉంది. కూజాగా చూస్తే కూజా, లేదంటే ఎదురెదురుగా రెండు ముఖాలు. హద్దు గీత ఒకటే అయినా కన్ను దాన్ని ఒక సమయంలో ఒక పక్షానికే కట్టబెడుతుందని రూబిన్ తేల్చాడు. గీత దక్కిన పక్షం వస్తువుగా ముందుకొస్తుంది. రెండోది ఆకారం కోల్పోయి, వెనకాల పరుచుకున్న నేపథ్యమైపోతుంది. రాజభక్తుల బొమ్మ పనిచేసిందీ ఇందువల్లే: సోదా చేసేవాడి కన్ను గీతను కలశానికి ఇచ్చేస్తుంది. 2000లో జౌ, ఫ్రీడ్‌మన్, ఫాన్ డెర్ హైట్ కోతుల మెదళ్ల మీద చేసిన పరిశోధనలో, హద్దు గీత ఏ పక్కన ఉన్న ఆకారానిదో దాన్నిబట్టి స్పందించే నాడీకణాలు నిజంగానే కనిపించాయి.

మనస్తత్వశాస్త్ర పుస్తకాలన్నిటా ఉండే బాతు–కుందేలు బొమ్మ పుట్టింది హాస్యపత్రికలో. అది 1892లో మ్యూనిక్ పత్రిక ‘ఫ్లీగెండె బ్లాటర్’లో అచ్చయింది. 1899లో మనస్తత్వవేత్త జాస్ట్రో దాన్ని శాస్త్రంలోకి తెచ్చాడు.

మనలో చాలామంది ఎదుర్కొన్న దాగిన చిత్రం మాత్రం కళాకారుడిది కాదు, కంటి వైద్యుడిది. రైల్వే ఉద్యోగాల వైద్య పరీక్షకు వెళ్లినవారికి రంగు చుక్కల పుస్తకం గుర్తుండే ఉంటుంది. జపాన్ సైన్యంలో చేరేవారిలో వర్ణాంధత్వాన్ని పట్టుకోవడానికి షినోబు ఇషిహారా దాన్ని తయారుచేశాడు. అంకెలతో కూడిన అంతర్జాతీయ ప్రతి 1917లో వచ్చింది. చుక్కల పరిమాణం, వెలుగు కావాలనే గజిబిజిగా ఉంచి, అంకెను రంగుకు మాత్రమే అప్పగించాడు. మొదటి పుటలో 12 అందరికీ కనిపిస్తుంది, కనబడలేదన్నవాడు నటిస్తున్నట్టే. రంగులు సరిగ్గా కనబడేవారికి ఏమీ తోచక, వర్ణాంధులకు మాత్రమే అంకె కనిపించే పుటలూ ఇందులో ఉన్నాయి. నా దృష్టిలో ఈ ప్రక్రియ మొత్తంలో ఇంతకన్నా తెలివైన పని లేదు.

1960 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో బేలా యూలెష్, ఏ ఒక్క కంటికీ కనబడని ఆకారాన్ని కంప్యూటర్ చుక్కల్లో దాచి, రెండు కళ్లూ కలిస్తేనే అది లేచి నిలబడుతుందని చూపించాడు. 1990ల్లో పిల్లలూ పెద్దలూ చూపు మార్చి తదేకంగా చూసిన ‘మ్యాజిక్ ఐ’ పుస్తకాలకు మూలం అదే.

వ్యాపార చిహ్నాల్లో అందరూ చెప్పేది ఫెడెక్స్ గురించి. 1994లో లిండన్ లీడర్ రూపొందించిన ఆ పేరులో పెద్ద ఇ, చిన్న ఎక్స్ అక్షరాల మధ్య ఖాళీ ఒక బాణం. రూబిన్ సూత్రమే, కాకపోతే ఇక్కడ నేపథ్యానికి జీతం దొరికింది. దీనికి తోడు ఒక పుకారు కూడా పెరిగింది: ప్రకటనల్లో దాచిన బొమ్మలు మనకు తెలియకుండానే మనచేత కొనిపిస్తాయని. దీనికి ఆధారంగా చూపే 1957 నాటి సినిమాహాలు ప్రయోగం, అంటే తెర మీద కంటికి అందనంత వేగంగా ప్రకటనలు మెరిపించడం, మార్కెట్ పరిశోధకుడు జేమ్స్ వికారీ ప్రచారం కోసం చేసిన హడావిడే. తన దగ్గర తగినంత సమాచారం లేదని 1962లో అతనే ఒప్పుకున్నాడు. కనబడని చిత్రం మనిషిని ఆడిస్తుందన్న భయానికి ఇది పునాది కాలేదు.

దాగిన చిత్రం ఇప్పటికీ నిత్యం కాపలా కాస్తున్న చోటు కరెన్సీ నోటు. కొత్త 500 రూపాయల నోటును కంటి ఎత్తున వంచి పట్టుకుంటే దాగిన 500 అంకె కనిపిస్తుంది. ముందువైపు ఎడమ పక్కన సగం, వెనకవైపు సగం అచ్చయిన ఇంకో 500, నోటును వెలుతురుకు ఎత్తి చూసినప్పుడే పూర్తవుతుంది. అనుమానం వచ్చినప్పుడు ముందుగా చూడాల్సిన గుర్తుల్లో ఇవి రెండు.