సత్యవేడు – రెండు రైలుదారులు

ఒక ఊరి రైల్వేస్టేషను చరిత్ర చెప్పుమన్నచో, స్టేషను కట్టిన సంవత్సరముతో ఆరంభించుట వాడుక. సత్యవేడు విషయమున ఆ వాడుక పనికిరాదు. ఈ ఊరికి స్టేషను లేదు. అయినను సత్యవేడు ప్రజలు నూరేండ్లకు పైగా రైలెక్కుచునే యున్నారు. మదరాసునకును, తిరుపతికిని, బెజవాడకును పోవుచునే యున్నారు. వారి స్టేషను వారి ఊరిలో లేదు, అంతియే. తూర్పున గుమ్మిడిపూండి, తడ; పడమట పుత్తూరు. ఈ రెండు దిక్కులను దారులెట్లు పడినవో, నడుమనున్న ఊరెట్లు మిగిలిపోయినదో విచారించినచో, స్టేషను లేని ఊరికిని రైలు చరిత్ర యుండునని తెలియగలదు.

దక్షిణదేశమున మొదటి రైలుబండి 1856 జూలై 1వ తేదీన మదరాసులోని రాయపురము నుండి బయలుదేరి ఆర్కాటు వైపు వాలాజా రోడ్డు వరకు నడచినది. మదరాసు రైల్వే కంపెనీవారు ఆ దారిలోని అరక్కోణము నుండి వాయవ్యముగా మరియొక దారిని చీల్చి తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట, కడప, గుంతకల్లుల మీదుగా కొనిపోయిరి. 1871లో ఆ దారి రాయచూరున బొంబాయి నుండి వచ్చిన కంపెనీదారితో కలిసినది. అట్లు మదరాసు, బొంబాయి నగరములకు ఇనుపబంధము కుదిరినది. పుత్తూరునకు స్టేషను వచ్చుట ఆ ఊరి కొరకు కాదు. రెండు మహానగరముల నడుమ అది దారిలో నుండుటచేతనే. అయినను వచ్చిన స్టేషనును ఊరు తనదిగా చేసికొన్నది. ఎముక విరిగినవారు 'పుత్తూరు కట్టు' కట్టించుకొనుటకు దూరదేశముల నుండి ఆ స్టేషనులో దిగుట నేటికిని కలదు.

తూర్పుదిక్కున కథ వేరు. అక్కడ మొదట సరకు మోసినది ఇనుపదారి కాదు, నీటిదారి. పులికాటు సరస్సు మీదుగా తీరము వెంబడి సాగు కాలువలో ఉప్పు, వంటచెరకు నింపుకొని పడవలు మదరాసు చేరుచుండెడివి. 1876–78 మహాక్షామకాలమున ఆకలిగొన్న జనులకు కూలి కల్పించుటకై ఈ కాలువపని విస్తరింపబడినది. అప్పటి గవర్నరు పేరున అది బకింగుహాము కాలువ యైనది. ఆ క్షామమే మరియొక పాఠమును గూడ నేర్పినది. ఒకచోట ధాన్యమున్నను దారి లేనిచో వేరొకచోట మనుష్యులు మరణింతురు. 1880 నాటి క్షామ విచారణసంఘము రైలుదారులను పెంచుమని గట్టిగా సలహా చెప్పినది. తుదకు 1899లో గూడూరు, బెజవాడల నడుమ దారి పూర్తియై, మదరాసు నుండి తీరము వెంబడి ఉత్తరదేశమునకు నేరుగా బండ్లు నడచుటకు వీలు కలిగినది.

ఇట్లు ఒక దారి బొంబాయికి, మరియొకటి కలకత్తాకు. సత్యవేడు ఈ రెంటి నడుమ చిక్కినది. తూర్పు దారి ఇరువది కిలోమీటర్లకు అటునిటుగా నున్నది. పడమటి దారి నలుబదికి పైన. దారి వేసినవారికి రేవుపట్టణములును, రాజధానులును లక్ష్యములు గాని, నడుమనున్న పల్లెసీమల అవసరములు గావు. కావున ఈ ఊరివారికి రైలు ప్రయాణమనగా మొదట బండిప్రయాణము. తెల్లవారుజామున ఎడ్లు పూన్చి, మూటలు సర్దుకొని బయలుదేరినగాని స్టేషను చేరుట కుదరదు. తరువాతి కాలమున మోటారు బస్సులు ఆ శ్రమను తగ్గించినవి గాని దూరమును తగ్గింపలేదు.

స్టేషను అనగా బండి యెక్కుచోటు మాత్రమే కాదు. అక్కడ పూర్వము తంతి యుండెడిది. మంచివార్తయు, దుర్వార్తయు తీగవెంట మొదట అక్కడికే వచ్చెడివి. పార్సెలు గది కలదు. రైతు పంపిన గంప పట్టణపు అంగడికి చేరును. అన్నిటికంటె మిన్నగా అక్కడ గడియారము కలదు. అంతకుముందు ఊరూరికి పొద్దు వేరు. రైల్వేలు దేశమంతట బండ్లు నడపుటకు మదరాసు కాలమును ప్రమాణముగా గైకొన్నవి. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణికకాలము అమలులోనికి వచ్చినది. ఒకప్పుడు మనము రేడియో గంటను విని గడియారము సరిచూచుకొనెడివారము. ఆ పనిని అంతకు పూర్వము స్టేషను గంట చేసెడిది. స్టేషను లేని ఊరు పోగొట్టుకొన్నది ఇన్ని సౌకర్యములను.

ఇంతలో రాష్ట్రముల హద్దులు మారినవి. సత్యవేడు పూర్వము మదరాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలో నుండెడిది. పటాస్కరు తీర్పు ననుసరించి 1959లో చట్టము చేయబడి, 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశములోని చిత్తూరు జిల్లాకును మారినవి. భాషనుబట్టి జరిగిన ఈ మార్పులో రైలు లెక్క యెవరు చూతురు? పోయిన తిరుత్తణికి స్టేషను కలదు. వచ్చిన సత్యవేడునకు లేదు. అంతవరకు తమ జిల్లాలోనిదేయైన గుమ్మిడిపూండి స్టేషను ఒక్కదినములో పొరుగు రాష్ట్రపు స్టేషనైనది. కచేరి పనికి చిత్తూరు పోవలెనన్న నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము. కూతురిని చూచుటకో, సరకు కొనుటకో మదరాసు పోవలెనన్న పాతదారియే దగ్గర. కాగితము ఒకవైపు లాగినది. ఇనుపదారి మరియొకవైపు లాగినది.

రైల్వేల యేలుబడియు అట్లే మారుచు వచ్చినది. మదరాసు రైల్వే 1908లో మదరాసు–దక్షిణ మహరాష్ట్ర రైల్వేలో కలిసినది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే యేర్పడినది. 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టిన పిదప, 1977లో గుంతకల్లు డివిజను, దానితోపాటు పుత్తూరు, అందులో చేరినవి. తడ, సూళ్లూరుపేటలు దక్షిణ రైల్వేలోనే నిలిచినవి. సత్యవేడు వాసికి రెండు వైపుల రెండు రైల్వేలైనవి.

కాలము తూర్పువైపునకు మొగ్గినది. శ్రీహరికోట నుండి 1971లో రాకెట్ల ప్రయోగములు మొదలైన పిదప సూళ్లూరుపేట స్టేషనుకు కొత్త ప్రాముఖ్యము కలిగినది. మదరాసు లోకలుబండ్లు గుమ్మిడిపూండి దాటి అంతవరకు వచ్చుచున్నవి. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతమున శ్రీసిటీ వెలసి, పొలములున్నచోట కర్మాగారములు లేచినవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు సత్యవేడు, తడ, సూళ్లూరుపేటలు ఒకే జిల్లాలోనికి వచ్చినవి. దారికిని కచేరికిని మధ్య ఆరు దశాబ్దములుగా నున్న వైరము కొంత సడలినది.

పుత్తూరు నుండి మదరాసు సమీపమునగల అత్తిపట్టు వరకు సుమారు 88 కిలోమీటర్ల కొత్తదారి 2008–09లో మంజూరైనది. పాత దారులు రెంటిని కలుపు ఈ ఆలోచన ఈ నడిమిసీమ మీదుగానే సాగవలసినది. మంజూరైన పిదప అది చిరకాలము కాగితముల మీదనే నిలిచినది.

మొదటి దారులు వేసినవారు దూరనగరములను జూచి దారి గీచిరి, నడుమనున్నవారిని జూడలేదు. ఇకముందు గీయువారు ఇరుదిక్కుల స్టేషనులను మాత్రమే గాక, ఆ స్టేషనులకు తెల్లవారుజామున బయలుదేరు మనుష్యులను గూడ లెక్కలోనికి గైకొందురు గాక. రైలుదారి విలువ అది కలుపు మహానగరములచేత మాత్రమే గాక, అది వదలివేసిన ఊళ్లచేతను గూడ కొలువదగినది.