మూడు భాషల మక్తబ్

విశాఖపట్నం రేవు మీదికి మూడు కొండలు చూస్తుంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరుడు, ఒకదాని మీద మేరీమాత, ఇంకోదాని మీద ఇస్‌హాక్ మదీనా దర్గా. మతసామరస్యం గురించి ఉపన్యాసం చెప్పాల్సి వచ్చిన ప్రతివాళ్లూ ఈ కొండల్నే చూపిస్తారు. సభ ముగుస్తుంది, ఎవరిళ్లకు వాళ్లు పోతారు. దర్గా కొండ కింద సాయిబుల పిల్లలు ఏం చదువుకున్నారు, ఏ భాషలో చదువుకున్నారు అని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ కొండకు సంబంధించిన పాత సంగతి ఒకటుంది. 1869లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్‌లో కార్‌మైకేల్ దొర రాశాడు. రేవులోకి వచ్చే ఓడైనా, పోయే ఓడైనా దర్గాకు ఎదురుగా జెండాను మూడుసార్లు ఎత్తి దించేదట. బంగాళాఖాతంలో గాలీ వానా ఆ వలీ మాట వింటాయని నమ్మకం. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండితో చిన్న ఓడలు చేయించి దర్గాకు ఇచ్చుకునేవాళ్లు. ఓసారి ఒక హిందూ షావుకారుకూ అతని ఓడ నడిపే ముస్లిం తండేలుకూ మధ్య వ్యాజ్యం నడిచింది. తుఫానులో చిక్కినప్పుడు దర్గాకు మొక్కుకున్న రూపాయల మూట దగ్గర పేచీ. రేవు చేరగానే మొక్కు చెల్లించానని తండేలు ఆ సొమ్మును షావుకారు లెక్కలో వేశాడు. అసలు మొక్కు చెల్లించనేలేదన్నదొక్కటే షావుకారు వాదన. తుఫానులో దర్గాకు మొక్కుకోవడం సబబేనని ఒప్పుకున్నవాడు హిందువు. మీరెప్పుడొచ్చారు ఈ దేశానికి అని మమ్మల్ని అడిగేవాళ్లు ఈ వ్యాజ్యం ఒకసారి చదువుకుంటే బాగుండును.

రాజుల చరిత్ర త్వరగానే చెప్పుకోవచ్చు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ సీమకు శ్రీకాకుళం ముఖ్యపట్నం. అక్కడి జుమ్మా మసీదు ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది. 1687లో గోల్కొండ మొఘలులకు చిక్కింది. తర్వాత నిజాములొచ్చారు. 1753లో సర్కారు జిల్లాలు ఫ్రెంచివాళ్ల చేతికి పోయాయి, 1766 నాటికి ఇంగ్లిషు కంపెనీ చేతికి వచ్చాయి. ఈ వంశావళిలో మాకు వాటా ఉందని ఇటు మతోన్మాదులూ అంటారు, అటు మాలో కొందరు ‘ఖాన్‌దానీ’లూ అంటారు. ఫౌజుదారు వారసులం అని చెప్పుకోగలిగినవాళ్లు ఎంతమంది? మిగిలినవాళ్లం కళాసీలం, జట్కావాళ్లం, దర్జీలం, దూది ఏకినవాళ్లం. నవాబులు పోతే మాకు పోయిందేమీ లేదు. ఉన్నప్పుడు దక్కిందీ లేదు.

పారశీకం రాజభాషగా ఉన్నంతకాలం కొలువు కోసం హిందువులూ దాన్ని నేర్చుకున్నారు. జమాబందీ, దస్తావేజు, ఖరారు, రైతు, జిల్లా... ఆ చదువు తెలుగులో వదిలిపెట్టి పోయిన మాటలే ఇవి. 1837లో కంపెనీ పారశీకానికి కచేరీల్లో ఉన్న చోటు తీసేశాక ఆ చదువు కూడు పెట్టడం మానేసింది. 1872లో మద్రాసు ప్రభుత్వం ముస్లిం పిల్లలకు బడులు పెట్టమని ఉత్తర్వు చేసింది. అందులో ముందుకొచ్చిన పేర్లు ఆర్కాటు, ఏలూరు. మనుషులు గుంపుగా ఉన్నచోటికి సర్కారు చూపు పోతుంది. పలచగా ఉన్నచోట మిగిలేది మసీదు వరండా.

ఆ వరండా చదువే మక్తబ్. దీన్ని మద్రసాతో కలిపేసి మాట్లాడటం పత్రికలకు అలవాటైపోయింది. రెండూ వేరు. మద్రసా అంటే పిల్లాడు అక్కడే ఉండి, తిని, ఏళ్ల తరబడి చదివి హాఫిజో ఆలిమో అయి బయటికొచ్చే చోటు. దానికో పాఠ్యక్రమం ఉంది. 1748లో చనిపోయిన లక్నో ముల్లా నిజాముద్దీన్ పేరు మీద దాన్ని దర్స్-ఎ-నిజామీ అంటారు. 1866 నాటి దేవ్‌బంద్, 1876 నాటి హైదరాబాదు జామియా నిజామియా, 1924 నాటి ఉమరాబాదు దారుస్సలాం ఆ కోవకు చెందిన పెద్ద విద్యాలయాలు. మక్తబ్ అట్లా కాదు. పగలంతా సర్కారు బడిలోనో కాన్వెంటులోనో కూర్చున్న పిల్లలే పొద్దున ఫజర్ తర్వాతో, సాయంత్రం అసర్ తర్వాతో టోపీ పెట్టుకుని, దుపట్టా చుట్టుకుని ఓ గంట వచ్చి కూర్చునే చోటు. మా ఇళ్లల్లో దాన్ని అరబ్బీ చదువు అంటారు. ముందు నూరానీ ఖాయిదా, అలిఫ్ బే పే కాదు, అలిఫ్ బా తా. ఆ తర్వాత అమ్మపారా. ఆ తర్వాత ఖురాన్ మొత్తం చూసి చదవడం. మధ్యలో కలిమాలు, దువాలు, వజూ, నమాజు. ఖురాన్ పూర్తయిన రోజు ఇంట్లో మిఠాయి, ఉస్తాద్‌కు కొత్త బట్టలు. తెలుగు వీధిబడిలో పంతులు ముందు ఇసకలో ఓనమాలు దిద్దిన పద్ధతికీ దీనికీ ఎంత దూరం?

ఆ ఉస్తాద్ ఎవరనుకున్నారు? చాలాచోట్ల బీహారు నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చిన కుర్ర హాఫిజ్. మసీదు పక్క గదిలో ఉంటాడు. అజాన్ ఇస్తాడు, రంజాన్‌లో తరావీ చదివిస్తాడు, చందా రసీదులు రాస్తాడు. జీతం ఊరి దయ. జకాత్, ఫిత్రా, బక్రీదు తోళ్లు... ఇదీ ఆదాయం. ఇటీవలి ఏళ్లలో తోళ్ల ధర పడిపోవడంతో అదీ సన్నగిల్లింది. మమ్మల్ని చూసి భయపడేవాళ్లు ఈ ఆదాయ వ్యయాల పట్టిక ఒకసారి చూడాలి.

2001 తర్వాత టీవీల్లో మద్రసా అంటే తుపాకీ బొమ్మ పక్కన చూపించే బొమ్మ అయిపోయింది. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే బడి ఈడు ముస్లిం పిల్లల్లో మద్రసాలకు పోయేవాళ్లు నూటికి ముగ్గురే. మక్తబ్ వేరు, మద్రసా వేరు అని ఆ కమిటీ విడమరిచి చెప్పింది కూడా. మిగిలిన తొంభయ్యేడు మంది ఏ బడిలో ఉన్నారు, అసలు బడిలో ఉన్నారా అని అడిగిన చానల్ లేదు.

విశాఖ ముస్లింలకు ఇంకో చిక్కుంది. 2011 జనాభా లెక్కల నాటి జిల్లాలో మేం నూటికి ఇద్దరికి అటూ ఇటూ. 1933లో రేవు తెరిచారు. 1941లో నౌకా నిర్మాణకేంద్రానికి పునాది పడింది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఒక్కో పరిశ్రమా పని వెతుక్కునే మనుషుల్ని పోగేసింది. పాతపట్నం మొహల్లాలకు తోడు గాజువాక వైపు కాలనీలు వెలిశాయి. రాయలసీమ ఉర్దూవాళ్లు, గుంటూరు దూదేకులవాళ్లు, ఒడిశా, బెంగాలు నుంచి వచ్చిన కార్మికులు ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడ్డారు. నమాజులో కలిసినవాళ్లు మాటలో కలవలేకపోయారు. ‘నీకు ఉర్దూ రాదా, ఏం ముస్లింవి?’ అనే మాట దూదేకుల పిల్లాడు బయటివాళ్ల దగ్గర కాదు, మసీదు మెట్ల మీదే వింటాడు. తెలుగు మాట్లాడితే బయట ‘అరె, మీకు తెలుగొచ్చే!’ అంటారు. ఇక ఈ పిల్లాడు ఎటు పోవాలి?

అరబ్బీ చదువుతాడు, అర్థం తెలీదు. అర్థం ఉర్దూలో చెప్తారు, సగం తెలుస్తుంది. సందేహం తెలుగులో వస్తుంది. ఉస్తాద్‌కు తెలుగు రాదు. ఆ సందేహం అక్కడే ఆగిపోతుంది. మన మక్తబ్ అసలు లోపం ఇదీ. ఆడపిల్లల విషయంలో ఇంకోటి కలుస్తుంది. ఎంత చురుగ్గా చదివే పిల్లనైనా ఈడొచ్చిందని మాన్పించేస్తాం. నేర్చుకోవడం ఫర్జ్ అని బయాన్ చెప్తూనే.

ఖురాన్‌కు తొలి తెలుగు అనువాదం 1920లలో వచ్చింది. చేసినాయన చిలుకూరి నారాయణరావు, శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన బ్రాహ్మణ పండితుడు. మన గ్రంథాన్ని మన భాషలోకి తెచ్చే పని మనకంటే ముందు ఆయన చేశాడు. తర్వాత ముస్లిం అనువాదకులొచ్చారు, గీటురాయి వంటి పత్రికలొచ్చాయి. అయినా తెలుగులో దీన్ చెప్తే దీన్ పలచబడుతుందన్న భయం పెద్దల్లో పోలేదు. ఉర్దూ కూడా ఒకనాడు అట్లాంటి ‘పలచన’ భాషే. పారశీకం వదిలి ఉర్దూలో చెప్పినవాళ్లూ మాటలు పడ్డారు.

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని ఈ ఊరు లేచింది. 32 మంది ప్రాణాలిచ్చారు. 2021లో కర్మాగారాన్ని అమ్మేస్తామంటే కార్మికులు మళ్లీ ఆ నినాదమే అందుకున్నారు. అందులో ఉక్కు తెలుగు మాట. హక్కు అరబ్బీ. మక్తబ్ పిల్లాడు అల్లా నామాల్లో ‘అల్-హక్’ అని వల్లె వేసేది ఆ మాటనే. సత్యం అనీ, చెందాల్సింది అనీ అర్థం. ఆ సంగతి వాడికి ఉస్తాద్ చెప్పడు, తెలుగు మాస్టారూ చెప్పడు.

ఈమధ్య కొన్ని మసీదుల్లో జుమా బయాన్ తెలుగులో చెప్తున్నారు. దువాల అర్థాలు తెలుగు లిపిలో అచ్చువేసిన చిన్న పుస్తకాలు రెహల్ పక్కన కనిపిస్తున్నాయి. బీహారు హాఫిజ్‌లు పిల్లల దగ్గరే తెలుగు నేర్చుకుంటున్నారు. వాళ్లకు ముందుగా వచ్చే వాక్యం ‘నిన్న ఎందుకు రాలేదు?’