యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ల ఎంపిక

యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్: కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టును సీరియల్ పోర్టుగా వాడుకోనిచ్చే చిన్న పరికరం. ల్యాప్‌టాప్‌లలో తొమ్మిది పిన్నుల పోర్టు కనుమరుగయ్యాక మైక్రోకంట్రోలర్‌లోకి ప్రోగ్రాం ఎక్కించాలన్నా, హామ్ రేడియో సెట్‌ను కంప్యూటర్‌తో నడపాలన్నా చాలాచోట్ల ఇదే ఆధారం.

ముందు తేల్చుకోవలసింది వోల్టేజీ. తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు పాటించే ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో వెలువడింది. 1962 అనే పుస్తకాలూ ఉన్నాయి గానీ మొదటి తేదీకే బలం ఎక్కువ. ఈ ప్రమాణం ప్రకారం అందే సంకేతం ధన, రుణ దిశల్లో 3 నుంచి 15 వోల్టుల దాకా ఉండవచ్చు. మైక్రోకంట్రోలర్లవి 5 లేదా 3.3 వోల్టులు, పైగా ధ్రువత తలకిందులు. తొమ్మిది పిన్నుల అడాప్టర్‌ను నేరుగా ఈఎస్‌పీ32 వంటి మైక్రోకంట్రోలర్‌కు కలిపితే చిప్ పాడయ్యే ప్రమాదముంది. 3.3, 5 వోల్టుల జంపర్ ఉన్న బోర్డు మేలు. అయితే కొన్ని చౌక బోర్డుల్లో అది సరఫరానే మారుస్తుంది, సంకేతాన్ని కాదు; మీటరుతో కొలిచాకే కలపాలి.

రెండోది చిప్. గ్లాస్గోలోని ఎఫ్‌టీడీఐ సంస్థ ఎఫ్‌టీ232ఆర్‌కు మంచి పేరుంది, ఆ పేరు వల్లే నకిలీలూ ఎక్కువ. 2014 అక్టోబరులో ఆ సంస్థ విండోస్ డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నా చేయడంతో, తెలియక కొన్నవారి పరికరాలు కూడా పనిచేయకుండా పోయాయి. విమర్శలు రావడంతో ఆ డ్రైవర్‌ను వెనక్కు తీసుకున్నారు. తైవాన్ సంస్థ ప్రొలిఫిక్ పీఎల్2303ది మరో చిక్కు: పాత హెచ్‌ఎక్స్‌ఏ రకం అసలైనదైనా విండోస్ 8, ఆ తర్వాతి డ్రైవర్లు దాన్ని ఒప్పుకోవు. వాకీటాకీ ప్రోగ్రామింగ్ కేబుళ్లలో ఎదురయ్యే ‘కోడ్ 10’ లోపానికి తరచు కారణం ఇదే, లేదా దాని నకిలీ. బోర్డుల పనికే అయితే చైనా చిప్ సీహెచ్340 సరిపోతుంది.

రేడియోకు తీగల లెక్క కూడా చూడాలి. ఐకామ్ రేడియోల నియంత్రణ పద్ధతి సీఐ-వీ ఒకే సంకేత తీగ మీద రాకపోకలు జరుపుతుంది. యాయెసు ఎఫ్‌టీ-817కు 5 వోల్టుల సంకేతం కావాలి. కెన్‌వుడ్ టీఎస్-2000కు నేరుగా ఆర్‌ఎస్-232 చాలు. సీరియల్ పోర్టులోని ఆర్‌టీఎస్ అనే నియంత్రణ తీగతో పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే మీట), డీటీఆర్ అనే మరో తీగతో మోర్స్ నడపడం వాడుక కాబట్టి ఈ రెండూ బయటకు తెచ్చిన అడాప్టరే కొనాలి. పోర్టు తెరుచుకోగానే ఇవి క్షణకాలం మేల్కొని ప్రసారం మొదలయ్యే అవకాశముంది, అందుకే సాఫ్ట్‌వేర్ అమరిక ముగిశాకే పవర్ పెంచాలి. అయిదు బిట్ల రేడియో టెలిటైప్‌ను పోర్టు నుంచే పంపదలిస్తే ఎఫ్‌టీ232ఆర్ పనికిరాదు, అది 7, 8 బిట్లకే పరిమితం. సిలికాన్ ల్యాబ్స్ సీపీ2102 అయిదు బిట్లనూ ఒప్పుకుంటుంది. ప్రసార సమయంలో పోర్టు తెగిపోతుంటే కేబుల్‌కు ఫెర్రైట్ రింగు వేయాలి. ఐకామ్ ఐసీ-7300 వంటి సెట్లలో యూఎస్‌బీ లోపలే ఉంది, వేరే అడాప్టర్ అక్కరలేదు.