పసరూ ప్రార్థనా: పాలమూరు, నల్లగొండ క్రైస్తవుల ఇంటివైద్యం

తెలంగాణలో క్రైస్తవ వైద్య సేవ అనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి మిషన్ ఆసుపత్రులు, తెల్ల దొరసానులు, గాజు సీసాలలో ఎర్రటి మందునీళ్ళు. చరిత్ర గ్రంథాలలో కూడా వాటికే చోటు దక్కింది. కాని బండిబాట తప్ప మరో దారి లేని ఆ ఎగువభూములలో చాలా జబ్బులకు మొదటి వైద్యం ఇంటిపొయ్యి మీదనే జరిగేది. మతం మారిన కుటుంబాలలో ఆ కషాయపు కుండ ఏమైంది? ఆసుపత్రి చరిత్ర కంటె ఈ ప్రశ్నే నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది.

ముందు కాలక్రమం చూద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఎల్బర్ట్ చూట్ 1885లో పాలమూరులో స్థిరపడ్డాడు. రష్యా నుండి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ దంపతులు అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య, అదే బాప్టిస్టు మిషన్‌తో కలిసి 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు వచ్చి హైదరాబాదు నుండి క్రమంగా నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ ప్రాంతాలకు విస్తరించారు. వారిలో వైద్యురాలు కాథరీనా షెలెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసేదాకా ఇక్కడనే ఉన్నది. జడ్చర్లలో పెద్ద వైద్యకేంద్రం వెలసింది 1950లలో. అనగా చూట్ వచ్చిన ఇరవై యేళ్ళకు పైగా గడచిన తరువాత గాని షెలెన్‌బర్గ్ రాలేదు. ఆమె వచ్చాక కూడా ఒక్క వైద్యురాలు ఎన్ని ఊళ్ళకని అందుతుంది?

క్రైస్తవులైనవారిలో అత్యధికులు మాదిగలు, మాలలు. వీరికి చెట్టుచేమల పరిచయం పుస్తకాల వల్ల వచ్చింది కాదు. తోలు పదును చేయడానికి తంగేడు పట్ట కావాలి. దాన్ని కొట్టి తెచ్చే చేతులకు పక్కనున్న వావిలి, ఉత్తరేణి, తిప్పతీగ, నేలవేము తెలియకుండా ఉంటాయా? వొళ్ళు నొప్పులకు వావిలాకు కాగబెట్టిన నీళ్ళు, దగ్గుకు అడ్డసరం ఆకు కషాయం, జ్వరానికి నేలవేము, అజీర్తికి వాము, జలుబుకు శొంఠి మిరియాలు. పశువు పుండులో పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టేవారు. పాలమూరు గుట్టలలో దానికి కరువు లేదు కదా!

ఐతే చిక్కు ఆకులో లేదు, ఆకుతో వచ్చేదానిలో ఉంది. పల్లెలో మందు ఒంటరిగా రాదు. ఫలానా వారం నాడు తెంపాలని, తెంపేముందు మొక్కాలని, నూరేటప్పుడు మంత్రం చదవాలని నియమాలుంటాయి. పురుడు పోసే స్త్రీకి మనవాళ్ళు పెట్టిన పేరే మంత్రసాని. అన్నిటికంటె పెద్ద చిక్కు వేప. మశూచి వస్తే అది జబ్బు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. గుమ్మానికి వేపమండలు, మంచం మీద వేపాకులు, తగ్గాక వేపాకు పసుపు కలిపిన నీళ్ళ స్నానం. ఇప్పుడు క్రైస్తవుడైన తండ్రి బిడ్డ మంచం మీద వేపాకు పరిస్తే అది వైద్యమా, పోచమ్మకు మొక్కా? పరచకపోతే బిడ్డకు చల్లదనం ఎట్లా? పైగా ఊరంతా అమ్మవారి బలికి చందాలెత్తుతుంటే, ఇవ్వని ఇంటిమీదికే నింద వస్తుంది. విశ్వాసపు అసలు పరీక్ష ఆదివారం గుడిలో జరిగేది కాదు, జబ్బుపడ్డ బిడ్డ మంచం దగ్గర జరిగేది.

ఈ ముడి విప్పుకోవడానికి వారి చేతిలోని గ్రంథమే దారి చూపగలదు. హిజ్కియా రాజు మరణశయ్యపై ప్రార్థించాడు, ప్రార్థన ఆలకించబడింది. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుపై కట్టమన్నాడు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. రోగికి నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రిక చెబుతుంది. అనగా మందు అవిశ్వాసం కాదు. మంత్రం పోయిన చోట ప్రార్థన నిలబడవచ్చు. కుండా అదే, ఆకూ అదే, కృతజ్ఞత చెప్పుకునే పేరు మాత్రం మారింది.

ఇది మన పల్లెలకే చెందిన వింత కాదు. ఇంగ్లండులో జాన్ వెస్లీ వైద్యుల రుసుము చెల్లించలేని బీదల కోసం 1747లో ఇంటివైద్యపు పుస్తకం ప్రచురించి, మందుతోబాటు ప్రార్థనను మరువవద్దన్నాడు. అంతకు ముందే 1711లో తరంగంబాడిలో గ్రుండ్లర్ అనే మిషనరీ తమిళ వైద్యాన్ని గురించి జర్మన్ భాషలో వ్రాసిపెట్టాడు.

అయినా మిషనరీలందరూ ఈ సంగతిని సరిగా గ్రహించారనలేము. ఆ మాట చెప్పినవాడు వారి ఇంటివాడే. 1932లో శంషాబాదులో మిషనరీ దంపతులకు పుట్టిన పాల్ హీబర్ట్ మానవశాస్త్రవేత్త అయి, పాలమూరు జిల్లా గ్రామంపై ‘కొండూరు’ అనే గ్రంథం 1971లో వెలువరించాడు. 1982 నాటి వ్యాసంలో ఆయన వాదన స్థూలంగా ఇది: పాశ్చాత్యుడికి పైన దేవుడు, కింద విజ్ఞానం, రెండే అంతస్తులు. పల్లెవాసికి నడుమ మరొకటుంది. దిష్టి, గాలి, అమ్మవారు, శకునం అక్కడివి. ఆ నడిమి ప్రశ్నలకు మిషనరీ దగ్గర జవాబు లేకపోతే క్రైస్తవుడు తిరిగి మంత్రగాడి గడపే తొక్కుతాడు. నా దృష్టిలో ప్రార్థించి కాచిన కషాయం సరిగ్గా ఆ నడిమి అంతస్తుకు పల్లెవాసి తానే కట్టుకున్న నిచ్చెన.

నాటుమందు మిషన్ ఆసుపత్రిలోకి నడిచివెళ్ళిన సందర్భమూ ఉంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915 ప్రాంతంలో నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రిలో రోగులకు ఎక్కించినది అడవిబాదం జాతి గింజల నూనె. మన ప్రాచీన వైద్యానికి పరిచితమైన ఆ నూనెనే సూదిమందుగా మార్చారు. 1940లలో డాప్సోన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది, మేలే చేసింది.

ఆ ‘మేలే’ అన్న మాట ముఖ్యం. మశూచిని ఓడించింది వేపాకు కాదు, టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని అంతాన్ని ప్రకటించింది. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళు వంచిన ఎముకలను ఏ పసరూ సరిచేయదు, తాగే నీరు మారవలసిందే. పాముకాటుకు ప్రార్థించి వేరు నూరుతూ కూర్చుంటే ప్రాణం పోతుంది. హిజ్కియా కథను తుదివరకు చదివినవాడు దొరికే మందును కాదనడు.

కాని దొరకని కాలంలో, ఎవరూ ముట్టని వాడలలో, చేతికందిన ఆకును దేవుడిచ్చిన ఈవిగా భావించి బిడ్డలను కాపాడుకున్న తల్లుల విశ్వాసం ఏ మిషన్ నివేదికకూ తీసిపోదు. ఆ నివేదికలు గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. తల్లుల విద్య మాత్రం వారితోనే పోతున్నది. ఏ ఊళ్ళో ఏ ఆకు, ఏ మాటతో నూరేవారు, ఏ పాట పాడేవారు అన్నది ఆ ఊరివారు ఇప్పుడైనా వ్రాసిపెట్టాలి. మందుల చిట్టాగా కాదు, చరిత్రగా.